ఐరిష్ కత్తి పిడి చివర రింగ్ మధ్యలో బోలుగా ఉంది, లోపల ఇనుము కనిపిస్తోంది. వెనక్కి పంపాలా?

మొనగాడు_డాలస్
పద్నాలుగు నెలలు ఎదురుచూశాక నిన్న సాయంత్రం కత్తి చేతికొచ్చింది. పదిహేనో శతాబ్దం చివరి నాటి ఐరిష్ ఒంటిచేతి కత్తికి నకలు. యూరప్‌లో ఒక్కడే పనిచేసుకునే కమ్మరి దగ్గర చేయించుకున్నాను. బ్లేడ్ 79 సెంటీమీటర్లు, మొత్తం పొడవు 94, బరువు 1,120 గ్రాములు.

బ్లేడ్‌కి వంక పెట్టడానికి లేదు. టెన్షన్ అంతా పిడి దగ్గరే. పామెల్, అంటే పిడి చివరుండే గడ్డ, గుండ్రంగా, గట్టిగా ఉంటుందనుకున్నాను కదా, ఇక్కడ చేతికి వేసుకునే గాజులాంటి రింగ్ ఉంది. మధ్యలో అంతా ఖాళీ. ఆ ఖాళీలోంచి కత్తి తోక, అదే ట్యాంగ్, నిలువుగా పైకి వెళ్ళి రింగ్ అవతలి అంచు మీద రివిట్ కొట్టినట్టు అణిగి ఉంది. వేలు పెడితే ఇనుము తగులుతోంది. ఆర్డర్ ఇచ్చినప్పుడు ఆయన పంపిన బొమ్మలో రింగ్ లోపలి భాగం నల్లగా నింపి ఉంది, అది గట్టి చక్రమే అనుకున్నాను. మా ఆవిడ చూసి "ఇందులో రాయేదో పొదగడం మర్చిపోయినట్టున్నారు" అంది.

కంప్లైంట్ మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టాను. పంపే ముందు తెలిసినవాళ్ళను అడుగుదామని ఇక్కడ పెడుతున్నాను. ఫోటోలు నాలుగు జత చేశాను.

కొలిమి
పంపకండి. ముందు ఆ డ్రాఫ్ట్ తీసేయండి. వివరంగా రాత్రికి రాస్తాను, డ్యూటీలో ఉన్నాను.

గోదారి_గట్టు
ఫోటో చూస్తే నాకూ పని సగంలో ఆపేసినట్టే ఉంది. కొలిమి అన్న ఎందుకు వద్దంటున్నారో చూద్దాం.

డబ్లిన్_బాబాయ్
తమ్ముడూ, నీ దగ్గరున్నది ఆ కమ్మరి చేసిన తప్పు కాదు. ఐర్లండ్ కత్తిని దూరం నుంచి గుర్తుపట్టే గుర్తే అది. ఆ బోలు రింగ్, దానిలోంచి కనిపించే తోక, ఈ రెండూ లేకపోతే అది ఐరిష్ కత్తి అని చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నేనుండేది డబ్లిన్‌లో, పదకొండేళ్ళయింది. కిల్డేర్ వీధిలో నేషనల్ మ్యూజియం ఉంది, టికెట్ లేదు, మా పిల్లల్ని వాన పడిన ప్రతి ఆదివారం తీసుకెళ్తుంటాను. ఇక్కడ వాన పడని ఆదివారాలు తక్కువ, కాబట్టి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను. పై అంతస్తులో 1150 నుంచి 1550 వరకు మధ్యయుగ ఐర్లండ్‌కి ఒక గ్యాలరీ ఉంది. అక్కడ ఈ రింగ్ పిడి కత్తులు అద్దాల వెనక పెట్టారు. తుప్పు తిని, నల్లగా, వాదర అంతా పళ్ళు పళ్ళుగా ఊడిపోయి ఉంటాయి. కలప, తోలు ఎప్పుడో పోయాయి. తోక మాత్రం ఎక్స్‌రేలో ఎముకలా నిలువుగా కనిపిస్తుంది, చివర రింగ్ దాన్ని పట్టుకుని ఉంటుంది. నీ మొదటి ఫోటో చూడగానే నాకు ఆ అద్దం గుర్తొచ్చింది.

ఇంకొకటి చూడు. నీ కత్తి గార్డ్‌ని, అదే పిడికీ బ్లేడ్‌కీ మధ్య ఉండే అడ్డపట్టీని, పైనుంచి చూస్తే రెండు చేతులూ చెరో పక్కకి వంగి పాము మెలికలా ఉన్నాయా? చివర్లు వెడల్పుగా చేపతోకలా పరుచుకున్నాయా? ఉంటే అతను అసలు కత్తిని దగ్గరగా చూసి చేశాడు.

మొనగాడు_డాలస్
ఉన్నాయి బాబాయ్! సరిగ్గా అలాగే. నేను అది రవాణాలో వంగిపోయిందనుకుని రెండో కంప్లైంట్ కింద రాశాను.

గోదారి_గట్టు
ఇంకో రెండు రోజులు ఆగితే కత్తి మొత్తం కంప్లైంట్‌లోకి ఎక్కేది :)

పిడిబాకు
చారిత్రకంగా సరైనదే కావచ్చు, కాదనను. కానీ పని పరంగా నాకు అర్థం కాదు. పామెల్ ఉండేదే బ్లేడ్ బరువుకి ఎదురుబరువుగా. అందులో సగం ఇనుము తీసేస్తే కత్తి ముందుకి తూగదా? నా దగ్గర ఇంగ్లండ్ నమూనా కత్తి ఒకటుంది, గట్టి చక్రం పామెల్, చేతిలో ఈకలా తిరుగుతుంది. మొనగాడు గారూ, మీ కత్తిని వేలి మీద నిలబెట్టి గార్డ్ నుంచి ఎంత దూరంలో తూగుతుందో చెప్పండి.

మొనగాడు_డాలస్
ఇప్పుడే చూశాను. గార్డ్ నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర.

పిడిబాకు
నాది 9 దగ్గర. నేను చెప్పింది అదే.

కొలిమి
డ్యూటీ అయింది. పిడిబాకు గారు చెప్పిన దానిలో సగమే ఒప్పుకుంటాను.

పామెల్ బరువు ఒక్కటే తూకాన్ని నిర్ణయించదు. అసలు సంగతి బ్లేడ్ మందంలో ఉంటుంది. మంచి కత్తి గార్డ్ దగ్గర అయిదారు మిల్లీమీటర్ల మందం ఉంటే, మొన దగ్గరికి వచ్చేసరికి రెండో మూడో ఉంటుంది. వెడల్పు తగ్గడం కంటికి కనిపిస్తుంది, మందం తగ్గడం కనిపించదు, చేతికే తెలుస్తుంది. చవక నకళ్ళలో పట్టీ మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం ఉంటుంది, గడ్డపార పట్టుకున్నట్టే. ఆ బరువుని దాచడానికి పెద్ద పామెల్ తగిలిస్తారు, అప్పుడు మొత్తం కత్తి కిలోన్నర దాటుతుంది. బ్లేడ్ సరిగ్గా పల్చబడితే పిడి చివర తేలికైన రింగ్ చాలు. 1,120 గ్రాములు, 12 సెంటీమీటర్లు అంటే నరకడానికి బాగా పనికొచ్చే కత్తి. మొన కొంచెం బరువుగా దిగుతుంది, అది లోపం కాదు.

మొనగాడు గారూ, మీ దగ్గర వెర్నియర్ ఉంటే మూడు చోట్ల మందం కొలిచి పెట్టండి. నేను ఇరవై రెండేళ్ళుగా స్ప్రింగుల వర్క్‌షాప్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చూస్తున్నాను, ఆ మూడు అంకెలు చూస్తే మీ కమ్మరి ఎలాంటివాడో చెప్పేస్తాను.

మొనగాడు_డాలస్
గార్డ్ దగ్గర 5.6. మధ్యలో 3.9. మొనకి పది సెంటీమీటర్ల ముందు 2.3.

కొలిమి
ఆయనకి ఉత్తరం రాసేటప్పుడు నా తరఫున కూడా నమస్కారం చెప్పండి.

పిడిబాకు
ఆ కొలతలు బాగున్నాయి, ఒప్పుకుంటున్నాను. అయినా నాకు చక్రం పామెలే ఇష్టం.

కృష్ణా_కాలువ
నాకొక సందేహం. ఐర్లండ్ కత్తి అంటే వైకింగ్ కత్తి కాదా? డబ్లిన్‌ని కట్టింది వాళ్ళే కదా.

డబ్లిన్_బాబాయ్
అది అయిదారు వందల ఏళ్ళ ముందు మాట. వైకింగ్ కత్తులూ ఇక్కడ బోలెడు దొరికాయి, కిల్‌మైన్‌హమ్, ఐలండ్‌బ్రిడ్జ్ సమాధుల్లో. పశ్చిమ యూరప్‌లో స్కాండినేవియా బయట అంత పెద్ద వైకింగ్ శ్మశానం ఇంకోటి లేదంటారు. వెస్ట్‌మీత్ జిల్లా బాలిండెరీలో 1928లో దొరికిన కత్తి అయితే చూసి తీరాలి. పిడికి వెండి పని, బ్లేడ్ మీద ఉల్ఫ్‌బెర్ట్ అనే పేరు, ఆ కాలపు మేలైన బ్లేడ్ల మీద కనిపించేది, చెక్కి ఉంటుంది. అది తొమ్మిదో శతాబ్దం.

మొనగాడు కత్తి ఆ కాలానిది కాదు. ఇది గాలోగ్లాస్, కెర్న్ అనే సైనికుల కాలం. పదిహేను, పదహారు శతాబ్దాలు.

కృష్ణా_కాలువ
గాలోగ్లాస్ అంటే? గ్లాసుతో సంబంధం ఉందా?

డబ్లిన్_బాబాయ్
ఐరిష్‌లో గాల్ అంటే పరదేశి, ఓగ్లాఖ్ అంటే యోధుడు. పరదేశి యోధుడు. పశ్చిమ స్కాట్లండ్ దీవుల నుంచి వచ్చి ఐరిష్ రాజుల దగ్గర జీతానికి యుద్ధం చేసిన కుటుంబాలు, మెక్‌స్వీనీ, మెక్‌డానెల్, మెక్‌షీహీ వగైరా. 1259లో పశ్చిమ ఐర్లండ్‌లోని కన్నాట్ రాజకుమారుడు ఏడ్ ఓ కానర్ దీవుల నాయకుడి కూతుర్ని పెళ్ళి చేసుకుంటే కట్నం కింద 160 మంది యోధులు వచ్చారు. చరిత్రలో వాళ్ళ ప్రస్తావన మొదట కనిపించేది ఆ పెళ్ళి దగ్గరే.

గోదారి_గట్టు
కట్నంగా 160 మంది సైనికులా! మా పెళ్ళిలో మా బావకి ఇచ్చిన బజాజ్ స్కూటర్ గురించి ఇప్పటికీ గొడవే.

నిజాం_ఒర
గాలోగ్లాస్‌ల అసలు ఆయుధం కత్తి కాదు, పొడుగు కర్ర గొడ్డలి. దాన్నే వాళ్ళ గుర్తుగా చెప్తారు. అందుకని ఈ కత్తిని "గాలోగ్లాస్ కత్తి" అని అమ్మడం నాకు కొంచెం అతిగా అనిపిస్తుంది.

డబ్లిన్_బాబాయ్
గొడ్డలి మాట నిజమే, కానీ కత్తి లేదని కాదు. రాస్‌కామన్‌లో డొమినికన్ మఠం శిథిలాలు ఉన్నాయి. అక్కడ కన్నాట్ రాజు ఫెలిమ్ ఓ కానర్ సమాధి కింద పదిహేనో శతాబ్దపు రాతి పలకల మీద ఎనిమిది మంది గాలోగ్లాస్‌లను చెక్కారు. ఏడుగురి చేతిలో కత్తి, ఒక్కడి చేతిలోనే గొడ్డలి. గొలుసు చొక్కా, మొనదేలిన శిరస్త్రాణం, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. నేను డబ్లిన్ నుంచి రెండు గంటలు కారు నడిపి వెళ్ళి చూశాను. గాలి వానలో మా చిన్నది గొడుగు వదిలేసి మరీ లెక్కపెట్టింది.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1521లో గీసిన బొమ్మ కూడా ఉంది. ఆయన ఐర్లండ్ ఎప్పుడూ రాలేదు, ఆ సమయంలో నెదర్లాండ్స్ వైపు తిరుగుతున్నాడు. ఆ బొమ్మలో అయిదుగురు ఐరిష్ మనుషులు, వాళ్ళలో ఒకడు తనంత పొడవున్న కత్తి పట్టుకుని ఉంటాడు. ఆ బొమ్మ ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది.

నిజాం_ఒర
ఏడుగురికి కత్తులా. అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రాతి పలకల ఫోటో ఉంటే పెట్టండి గురూగారూ.

ఇంకో విషయం, మనకు దగ్గరిది. ఈ ఐరిష్ కత్తుల బ్లేడ్లు చాలావరకు జర్మనీ వైపు నుంచి వచ్చినవేనని, పిడి మాత్రం ఐర్లండ్‌లో అమర్చుకున్నారని చదివాను. సరిగ్గా అదే పని మన దక్కన్‌లో జరిగింది. పోర్చుగీసు వర్తకులు తెచ్చిన యూరప్ బ్లేడ్లకు మనవాళ్ళు బుట్ట పిడి తగిలించి "ఫిరంగి" అన్నారు. బ్లేడ్ పరాయిది, పిడి మాత్రం మనది. పట్టుకునే చోట మనిషి తన అలవాటు వదులుకోడు. మొనగాడు గారి ఫోటో చూస్తే నాకు మొదట తట్టింది ఆ ఫిరంగే.

పిడిబాకు
ఇది బాగా చెప్పారు.

విశాఖ_వాదర
నేను ఇలాంటిదే కొందామనుకుంటున్నాను. ఒక ఆన్‌లైన్ షాపులో "ఐరిష్ రింగ్ కత్తి, డమాస్కస్ ఉక్కు, 500 పొరలు" అని చూశాను. నీళ్ళలో అలల్లాంటి గీతలు, చూడ్డానికి చాలా అందంగా ఉంది. మొనగాడు గారి దానికంటే ధర మూడో వంతు. తీసుకోవచ్చా?

కొలిమి
అందంగా ఉంటుంది, కాదనను. కానీ అది ఐరిష్ కత్తి అవదు. యూరప్‌లో ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి కలిపే పద్ధతి వైకింగ్ కాలం చివరికే తగ్గిపోయింది. 1500 ప్రాంతపు బ్లేడ్ మీద ఆ గీతలు ఉండవు.

కృష్ణా_కాలువ
డమాస్కస్ అంటే మన ఉక్కే కదా? నిజామాబాద్ దగ్గర కోనసముద్రం నుంచి పర్షియా దాకా వెళ్ళిందని చదువుకున్నాం.

కొలిమి
అది వేరు, తమ్ముడూ, ఈ రెండింటినీ కలిపేయడం నాకు నిజంగా బాధ. కోనసముద్రం ఉక్కు మూసలో కరిగించి తీసింది. ముద్ద లోపలే కర్బనం పొందిక వల్ల ఆ అలలు పుడతాయి, పొరలు ఉండవు. ఇప్పుడు షాపుల్లో డమాస్కస్ పేరుతో అమ్మేది రెండు రకాల ఉక్కు పట్టీలు అతికించి మడిచి యాసిడ్‌లో ముంచినది. మన మూస ఉక్కుకి దక్కాల్సిన పేరు దీనికి పోతోంది. పైగా అంత పొడవు బ్లేడ్‌లో ఒక్క పొర సరిగ్గా అతకకపోయినా అక్కడే చీలుతుంది. వాడే కత్తికి మామూలు స్ప్రింగ్ స్టీల్, సరైన టెంపరింగ్ (గట్టిపరిచాక పెళుసు పోయేలా మళ్ళీ కొద్దిగా వేడి చేయడం), అంతే చాలు. వంచితే వంగి మళ్ళీ తిన్నగా రావాలి.

విశాఖ_వాదర
అర్థమైంది, మానేస్తున్నాను. పోనీ స్టెయిన్‌లెస్‌లో? మాది సముద్రం పక్కన ఇల్లు, తుప్పు భయం.

గోదారి_గట్టు
స్టెయిన్‌లెస్ మాత్రం వద్దు. నా అనుభవం చెప్తాను, వినండి.

2014లో గోడకి తగిలించుకునే పెద్ద కత్తి ఒకటి కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను. మిలమిలా మెరిసేది. సంక్రాంతికి బంధువులంతా వచ్చారు. మా బామ్మర్ది పెరట్లో అరటి బోదె మీద ఒక్క వేటు వేశాడు. పిడి అతని చేతిలోనే ఉంది, బ్లేడ్ గాల్లో తిరుగుతూ వెళ్ళి కొబ్బరి చెట్టు మొదట్లో దిగింది. అక్కడికి నాలుగడుగుల దూరంలో మా అక్క కూతురు ముగ్గు వేస్తోంది. ఆ పిల్ల వయసు అప్పుడు ఆరేళ్ళు. ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తే నిద్ర పట్టదు.

పిడి విప్పి చూస్తే లోపల ఉన్నది తోక కాదు, వేలి మందం కూడా లేని బోల్టు ఒకటి బ్లేడ్‌కి వెల్డ్ చేశారు. పైన పామెల్‌ని నట్టులా బిగించారు. బయటికి ఏమీ కనిపించలేదు.

డబ్లిన్_బాబాయ్
దేవుడు కాపాడాడు.

మొనగాడూ, ఇది చదివి నీ కత్తి రింగ్‌లోకి ఇంకోసారి చూడు. నీకు తోక కనిపిస్తోంది. ఎంత లావుందో, ఎలా బిగించారో, దాచడానికి చోటే లేదు. 1500లో కత్తి కొనుక్కున్న మనిషికి కూడా అలాగే కనిపించి ఉంటుంది.

మొనగాడు_డాలస్
ఆ మాట చదివాక టార్చ్ వేసి చూశాను. తోక రింగ్ దగ్గర చిటికెన వేలంత ఉంది, పైన సుత్తి దెబ్బల గుర్తులు కూడా ఉన్నాయి. నిన్న ఇదే చూసి మొరటు పని అనుకున్నాను.

విశాఖ_వాదర
సరే, కార్బన్ స్టీలే. మరి తుప్పు? కొబ్బరి నూనె రాస్తే?

పిడిబాకు
కొబ్బరి నూనె, నువ్వుల నూనె ఏదీ వద్దు. నెల తిరిగేసరికి జిగురు కట్టి దుమ్ము పడుతుంది. కుట్టు మిషన్ నూనె రాయండి, పల్చగా, మెత్తటి గుడ్డతో. వేలితో ముట్టుకున్న ప్రతిసారీ తుడవండి, చెమటలో ఉప్పే దాని శత్రువు. తోలు ఒరలో పెట్టి నెలలు వదిలేయకండి, తోలు తేమ పీల్చి బ్లేడ్‌కి ఇస్తుంది.

నిజాం_ఒర
మా ఇంట్లో దసరాకి ఆయుధ పూజలో నా కత్తి కూడా పెడతాం. పసుపు, కుంకుమ నీళ్ళతో కలిపి బొట్టు పెట్టింది మా అమ్మ. పండగ హడావిడిలో రెండు రోజులు తుడవలేదు. గార్డ్ కింద పైసా అంత మచ్చ తిని లోపలికి దిగింది. ఇప్పుడు బొట్టు ఒరకి పెడతాం, బ్లేడ్‌కి ఒక పువ్వు మాత్రమే. అమ్మ కూడా సంతోషంగానే ఒప్పుకుంది.

విశాఖ_వాదర
బయటి దేశం నుంచి తెప్పించుకుంటే ఇబ్బంది ఉందా?

నిజాం_ఒర
తెప్పించే ముందు మీ పోలీసు కమిషనరేట్‌లో ఆయుధాల లైసెన్స్ విభాగానికి వెళ్ళి అడగండి. 1959 ఆయుధాల చట్టం కింద కత్తులు అయిదో కేటగిరీలో వస్తాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్స్ కావాలి. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగాక అడిగితే చాలా ఆలస్యమైనట్టే. ఇక్కడే చేయించాలంటే డెహ్రాడూన్‌లో యూరప్ నమూనా కత్తులు చేసి ప్రపంచమంతా పంపే విండ్లాస్ లాంటి పాత సంస్థలున్నాయి, దాని సంగతీ విచారించండి.

కృష్ణా_కాలువ
చివరగా ఒకటి. బాబాయ్ గారూ, ఆ మ్యూజియం కత్తులు ఎక్కడ దొరికాయి? సమాధుల్లోనా?

డబ్లిన్_బాబాయ్
ఎక్కువగా నీళ్ళలో. నదుల అడుగున, సరస్సుల్లో, రేవుల దగ్గర. 1840లలో షానన్ నదిలో పడవలు తిరగడానికి అడుగు తవ్వినప్పుడు బోలెడు పాత ఆయుధాలు పైకొచ్చాయి. బురదలో గాలి తగలక ఇనుము నిలిచింది.

పిడిబాకు
నదిలో ఎందుకు పారేస్తారు? రేవు దాటేటప్పుడు యుద్ధంలో పడిపోయి ఉంటాయి.

డబ్లిన్_బాబాయ్
కొన్ని అలాగే అయ్యుంటాయి. కానీ ఐర్లండ్‌లో నీటికి ఆయుధం సమర్పించడం కంచు యుగం నుంచి ఉన్న అలవాటు. క్రైస్తవం వచ్చి వెయ్యేళ్ళయ్యాక కూడా అది పూర్తిగా పోయిందని నేననుకోను. మనం మాత్రం పుష్కరాల్లో గోదావరిలో నాణెం వేయకుండా వస్తామా.

పిడిబాకు
నాణెం వేరు, అంత ఖరీదైన కత్తి వేరు బాబాయ్. నేను ఒప్పుకోను.

డబ్లిన్_బాబాయ్
ఒప్పుకోవద్దు. ఈసారి ఇటు వస్తే చెప్పు, అద్దం ముందు నిలబడి వాదించుకుందాం.

మొనగాడు_డాలస్
కంప్లైంట్ డ్రాఫ్ట్ తీసేశాను. ఆ కమ్మరికి వేరే మెయిల్ రాశాను. రింగ్ ఎందుకు అలా ఉందో ఇప్పుడు తెలిసిందని, కొలిమి గారి నమస్కారం కూడా చేర్చి. గంటలో జవాబు వచ్చింది. గార్డ్ మెలిక సరిగ్గా రావడానికి మూడుసార్లు కాల్చి కొట్టానని, మొదటి రెండూ పక్కన పడేశానని రాశాడు. పడేసిన వాటి ఫోటో కూడా పంపాడు, కింద పెడుతున్నాను.

కొలిమి
ఎడమవైపుది నా కంటికి బాగానే ఉంది. అది కూడా వద్దనుకున్నాడంటే మనిషి గట్టివాడే.

డబ్లిన్_బాబాయ్
చివర్లు చూడు కొలిమీ, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. ఆదివారం మ్యూజియంకి వెళ్తున్నాను. అసలు వాటివి పైనుంచి ఫోటో తీసి పెడతాను, పక్కపక్కన పోల్చుకుందాం.

మొనగాడు_డాలస్
ఎదురుచూస్తాను బాబాయ్. రింగ్ లోపలి భాగం దగ్గరగా ఒకటి తీయండి, తోక ఎక్కడ అణిగిందో కనిపించేలా.